పవర్ బీఐలో నాలుగేళ్ల నెలవారీ సగటు: జనవరికి 660 ఎందుకు వస్తోంది?

పట్టిక_పని

అందరికీ నమస్తే. పవర్ బీఐలో (డేటాని పట్టికలుగా, చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్) ఒక రిపోర్ట్ చేస్తున్నాను. 2022 జనవరి నుంచి 2025 ఏప్రిల్ చివరి దాకా ఆర్డర్ల డేటా ఉంది. ఫ్యాక్ట్ టేబుల్‌లో ఒక్కో వరుస అంటే ఒక రోజు, ఒక ప్రాంతం, ఆ రోజు అక్కడ వచ్చిన ఆర్డర్ల సంఖ్య. మ్యాట్రిక్స్‌లో వరుసలకు నెల పేరు పెట్టి, ఒక్కో నెలకు ఇన్నేళ్ల సగటు చూపించమని అడిగారు.

అసలు డేటా ఇక్కడ పెట్టలేను కాబట్టి నోటితో లెక్క తేలేలా ఒక టెస్ట్ టేబుల్ చేశాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ నెల తీసుకున్నా 2022లో 120, 2023లో 150, 2024లో 180, 2025లో 210. మే నుంచి డిసెంబర్ దాకా ఏ నెలయినా 2022లో 210, 2023లో 240, 2024లో 270. అంతే.

మొదట ఆర్డర్ల కాలమ్‌ని లాగి కింద మెనూలో ఎవరేజ్ ఎంచుకుంటే 2కీ 3కీ మధ్య ఏదో వచ్చింది. అది పనికిరాదని ఈ మెజర్ (రిపోర్ట్‌లో లెక్క కట్టే ఫార్ములా) రాశాను:

ఎవరేజ్‌ఎక్స్ ( వాల్యూస్ ( క్యాలెండర్[నెలపేరు] ), [మొత్తం ఆర్డర్లు] )

ఇప్పుడు జనవరికి 660, టోటల్ వరుసలో 700 చూపిస్తోంది. ఏ జనవరీ 210 దాటలేదు, సగటు 660 ఎలా అవుతుంది? రేపు రిపోర్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

లెక్కలపంతులు

660 అంటే నాలుగు జనవరుల మొత్తం. 120, 150, 180, 210 కూడి చూడండి. మీరు ఎవరేజ్‌ఎక్స్‌కి ఇచ్చిన జాబితా నెల పేర్లది. జనవరి వరుసలో నిలబడితే ఆ జాబితాలో ఉండేది ఒకే ఒక్క పేరు, "జనవరి". దానికి మొత్తం 660, భాగించేది 1తో. టోటల్ వరుసలో పేర్లు 12, మొత్తం ఆర్డర్లు 8400, కాబట్టి 700. ఫార్ములా మీరు చెప్పిందే చేసింది, ఏళ్లని విడదీయమని మీరు దానికి ఎక్కడా చెప్పలేదు.

మొదట వచ్చిన 2, 3 కూడా అలాంటిదే. అది ఒక్కో వరుస సగటు, అంటే ఒక రోజు ఒక ప్రాంతంలో సగటున ఎన్ని ఆర్డర్లు అని. నెల అనే మాటే ఆ లెక్కలో లేదు.

క్యాలెండర్ టేబుల్‌లో ఏడాదీ నెలా కలిసిన కాలమ్ ఒకటి ఉండాలి, 202201, 202202 ఇలా. లేకపోతే చేసుకోండి. అప్పుడు

ఎవరేజ్‌ఎక్స్ ( వాల్యూస్ ( క్యాలెండర్[ఏడాదినెల] ), [మొత్తం ఆర్డర్లు] )

జనవరికి 165 రావాలి.

గ్రూప్‌బై

ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) వైపు నుంచి చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఇది రెండు అంచెల పని. మొదటి అంచెలో ఏడాది, నెల రెండిటి మీదా గ్రూప్ చేసి మొత్తం తీయాలి. రెండో అంచెలో ఆ ఫలితాన్ని నెల మీద మాత్రమే గ్రూప్ చేసి సగటు తీయాలి. చాలామంది మొదటి అంచె మానేసి నేరుగా సగటు తీస్తారు, అప్పుడు పంతులు గారు చెప్పినట్టు వరుసల సగటు వస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. కాలమ్ ఇంటీజర్ (పూర్ణ సంఖ్య) అయితే, సగటు తీసే ఏవీజీ ఇచ్చేది కూడా ఇంటీజరే. 120, 151 ల సగటు 135.5 కాకుండా 135 అని వస్తుంది, దశాంశం మాయం. ముందే డెసిమల్‌కి మార్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో ఈ గొడవ లేదు.

పట్టిక_పని

165 వచ్చింది, చాలా థాంక్స్ పంతులు గారూ! మే నుంచి డిసెంబర్ దాకా 240 వస్తోంది, అదీ సరైనదే. కానీ టోటల్ వరుసలో 210 ఉంది. పైనున్న 12 అంకెల్ని ఎక్సెల్‌లో పెట్టి సగటు తీస్తే 215 వస్తోంది. ఏది తప్పు?

చివరివరుస

215 ఉండాలి. రిపోర్ట్ చూసేవాళ్లు పైనున్న అంకెల్నే కదా కూడి చూస్తారు, అవి కలవకపోతే మొదట పోయేది రిపోర్ట్ మీద నమ్మకం. ఎవరేజ్‌ఎక్స్‌ని నెల పేర్ల మీద ఒకటి, దాని లోపల ఏడాదినెల మీద ఒకటి, ఒకదాంట్లో ఒకటి రాస్తే 215 వస్తుంది.

లెక్కలపంతులు

నేను ఒప్పుకోను. టోటల్ వరుస పై వరుసల్ని కూడేది కాదు, సగటు తీసేదీ కాదు. నెల అనే ఫిల్టర్ తీసేసి అదే మెజర్‌ని మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తుంది. ఇక్కడ ముగిసిన నెలలు 40, మొత్తం 8400, కాబట్టి 210. మొదటి నాలుగు నెలలకి నాలుగేసి ఏళ్లున్నాయి, మిగతా ఎనిమిదింటికి మూడేసే ఉన్నాయి. 12 అంకెల్ని సమానంగా చూసి సగటు తీస్తే, నాలుగేళ్లున్న జనవరికీ మూడేళ్లున్న జూన్‌కీ ఒకే బరువు పడుతుంది.

"మాకు ఒక నెలలో సగటున ఎన్ని ఆర్డర్లు వచ్చాయి" అని అడిగితే 210. "ఏడాదిలో పన్నెండు నెలలూ ఒక్కోసారి వస్తే ఆ ఏడాది సగటు నెల ఎలా ఉంటుంది" అని అడిగితే 215. ఏడాది మీద తిప్పితే ఇంకోటి వస్తుంది, అప్పుడు జనవరిలో 165 సరిగ్గానే ఉంటుంది గానీ టోటల్‌లో 2100 కనిపిస్తుంది, అది ఏడాది మొత్తాల సగటు. అందులోనూ 2025 నాలుగు నెలల ఏడాది, దాన్ని పూర్తి ఏడాదితో సమానంగా లెక్కేయడం మరీ తప్పు.

అడిగినవాళ్లని ఒక్క మాట అడగండి పట్టిక_పని గారూ, దేన్ని దేనితో భాగించమంటున్నారు అని. పైన వేసే మొత్తం గురించి ఎవరికీ పేచీ ఉండదు, గొడవంతా కింద వేసే సంఖ్య గురించే.

చివరివరుస

అడగమనడం బాగుంది గానీ చాలాచోట్ల అడిగితే "మామూలు సగటే" అంటారు. అందుకే అంటున్నాను, కంటికి కనిపించే అంకెలతో కలిసేది ఇవ్వడం మేలు. లేదా ఆ వరుసే వద్దు. ఈజ్‌ఇన్‌స్కోప్ తో నెల స్థాయిలో ఉందో లేదో చూసి, లేకపోతే బ్లాంక్ ఇచ్చేయండి.

లెక్కలపంతులు

ఆ వరుస తీసేయడానికి నేను సరే. 215 చూపిస్తే మాత్రం దాని పక్కన అది నెలల సగటుల సగటు అని రాయాలి.

కొత్తరిపోర్ట్

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఎవరేజ్‌ఎక్స్ లోపల మెజర్ బదులు సమ్ ( ఆర్డర్లు[సంఖ్య] ) అని నేరుగా రాస్తే జనవరికి మళ్లీ 660 వస్తోంది. మెజర్ పెట్టినా సమ్ పెట్టినా ఒకటే కాదా?

లెక్కలపంతులు

కాదండి. మెజర్‌ని పేరుతో పిలిచినప్పుడు దాని చుట్టూ కనిపించని కాలిక్యులేట్ ఒకటి ఉంటుంది. అది ప్రస్తుతం తిరుగుతున్న వరుసని, అంటే 202201 ని, ఫిల్టర్‌గా మారుస్తుంది. ఉత్త సమ్‌కి ఆ కాలిక్యులేట్ లేదు, కాబట్టి నాలుగు వరుసల్లోనూ అదే 660 లెక్కేస్తుంది, నాలుగు 660ల సగటు 660. సమ్ చుట్టూ కాలిక్యులేట్ రాయండి, సరిపోతుంది.

నీలిగుళిక

ట్యాబ్లో (పవర్ బీఐ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్) వాళ్లు ఎవరైనా చదువుతుంటే: మనకి ఇదే పని ఫిక్స్‌డ్ ఎల్ఓడీతో, అంటే ఏ స్థాయిలో లెక్కేయాలో మనమే చెప్పే ఫార్ములాతో, అవుతుంది. తేదీని డేట్‌ట్రంక్‌తో నెలకి కుదించి దాని మీద ఫిక్స్ చేసి మొత్తం తీసి, దాని చుట్టూ ఏవీజీ. వరుసల్లో పెట్టే నెల మాత్రం డేట్‌పార్ట్ రకం, ఏడాది లేనిది. ఈ రెండిటినీ తారుమారు చేస్తే పైన వచ్చిన 660 మన దగ్గరా వస్తుంది.

ఇంకోటి, ఫిక్స్‌డ్ మామూలు డైమెన్షన్ ఫిల్టర్లని పట్టించుకోదు. ప్రాంతం ఫిల్టర్ మార్చినా సగటు కదలకపోతే కంగారు పడొద్దు, ఆ ఫిల్టర్ మీద రైట్ క్లిక్ చేసి దాన్ని కాంటెక్స్ట్‌కి చేర్చండి.

పట్టిక_పని

కొత్త సమస్య. రిపోర్ట్ ఇచ్చాను, బాగానే ఉందన్నారు. ఇవాళ పొద్దున మే నెల మొదటి వారం డేటా లోడ్ అయింది, టెస్ట్ టేబుల్ అంకెల్లో చెప్తే 40 ఆర్డర్లు. మే సగటు నిన్న 240, ఇవాళ 190. మేలో ఏమైందని అప్పుడే ఫోన్.

గ్రూప్‌బై

720 కి 40 కలిపి 4 తో భాగించింది, అదీ 190. నడుస్తున్న నెలని సగటులోకి రానివ్వకూడదు. క్యాలెండర్‌లో "ముగిసింది" అని ఒక కాలమ్ పెట్టి, నెల చివరి తేదీ దాకా డేటా వచ్చిన నెలలకే అవును అని రాయండి. మెజర్‌లో ఆ ఫిల్టర్ ఒకటి జోడిస్తే చాలు.

ఆ కాలమ్‌ని టుడే (ఇవాళ్టి తేదీ ఇచ్చే ఫంక్షన్) మీద కట్టొద్దు. ఒకటి, పవర్ బీఐ సర్వీస్‌లో టుడే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తుంది, మీ డెస్క్‌టాప్‌లో ఉన్న తేదీ అక్కడ ఉండకపోవచ్చు. రెండు, నెల ముగిసింది గానీ చివరి రెండు రోజుల లోడ్ ఫెయిలైంది అనుకోండి, టుడేకి ఆ సంగతి తెలీదు. అలాగని ఫ్యాక్ట్ టేబుల్‌లో ఆ నెల గరిష్ఠ తేదీ చూసినా ఇబ్బందే, నెలాఖరు రోజు సెలవై ఆర్డర్లే రాకపోతే ఆ నెల ఎప్పటికీ ముగియనట్టే ఉంటుంది. లోడ్ లాగ్‌లో "ఫలానా తేదీ దాకా వచ్చింది" అని రాసి ఉంటుంది కదా, అదే నమ్మదగ్గది.

కొత్తరిపోర్ట్

నాదీ దీని లాంటిదే. కొన్ని ప్రాంతాల్లో కొన్ని నెలలు అసలు ఆర్డర్లే లేవు. ఒక ప్రాంతంలో నాలుగు జనవరుల్లో రెండింట్లోనే ఉన్నాయి, 30, 50. సగటు 40 చూపిస్తోంది. 20 రావాలి కదా? మొత్తానికి +0 కలిపితే 20 వచ్చింది గానీ మే నుంచి డిసెంబర్ దాకా అంకెలన్నీ తగ్గిపోయాయి.

లెక్కలపంతులు

ఎవరేజ్‌ఎక్స్ బ్లాంక్‌లని వదిలేస్తుంది, సున్నాలని వదలదు. అందుకే 40. +0 కలిపితే క్యాలెండర్‌లో ఉన్న ప్రతి నెలా సున్నాగా లేస్తుంది, మీ క్యాలెండర్ 2025 డిసెంబర్ దాకా ఉండి ఉంటుంది, ఇంకా రాని నెలలు కూడా భాగహారంలో చేరిపోయాయి. మొత్తాన్ని క్యాలెండర్ నెలల డిస్టింక్ట్ కౌంట్‌తో భాగించేవాళ్లకీ ఇదే జరుగుతుంది.

వానలెక్క

నేను వాతావరణ డేటా మీద పని చేస్తాను, మాకు రోజూ ఎదురయ్యేది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నెలంతా వాన పడకపోతే అది 0 మిల్లీమీటర్లు, నిఖార్సైన కొలత, సగటులో ఉండి తీరాలి. కొలిచే పరికరం పాడై నెల రికార్డే లేకపోతే అది ఖాళీ, సగటులో ఉండకూడదు. టేబుల్‌లో రెండూ ఒకేలా ఖాళీ గడిగా వస్తే ఏ ఫార్ములా వాటిని విడదీయలేదు. ఖాళీల్ని సున్నా చేస్తే పొడి నెలలు ఇంకా పొడిగా కనిపిస్తాయి, సున్నాల్ని ఖాళీగా వదిలేస్తే ఎండిన చోట కూడా వాన బాగానే పడినట్టుంటుంది.

మీ ప్రాంతాలకీ మూడు రకాల ఖాళీలున్నాయి. ఆ ప్రాంతంలో పని ఇంకా మొదలుకాని నెల, పని నడుస్తూ ఆర్డర్ రాని నెల, ఆర్డర్లు వచ్చినా డేటా చేరని నెల. మధ్యదే సున్నా. కొత్తరిపోర్ట్ గారి ప్రాంతం 2024లో మొదలై ఉంటే 40 సరైనదే. 2022 నుంచీ ఉంటే 20 సరైనది. కాబట్టి ప్రాంతాల టేబుల్‌లో మొదలైన తేదీ ఉండాలి, మూసేసి ఉంటే ఆ తేదీ కూడా. ఆ రెండు తేదీల మధ్య, ముగిసిన నెలలకి మాత్రమే సున్నా పెట్టండి.

ఇంకో అలవాటు మా దగ్గర నుంచి తీసుకోవచ్చు. ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతిలో సాధారణ సగటులు 30 ఏళ్లకి కడతారు, ఇప్పుడు వాడేది 1991–2020. ఏ సగటు చెప్పినా ఏ ఏళ్లదో పక్కనే ఉంటుంది. మీ రిపోర్ట్ శీర్షికలో "నెలవారీ సగటు" అని వదిలేయకుండా "2022 జనవరి – 2025 ఏప్రిల్" అని రాయండి. పైన 210, 215 గొడవలో సగం అక్కడే తీరుతుంది.

కొత్తరిపోర్ట్

ఆ ప్రాంతం 2024 ఫిబ్రవరిలో మూసేసి 2025లో మళ్లీ తెరిచారు! నాకు ఇప్పటిదాకా తట్టలేదు. అలాంటప్పుడు?

వానలెక్క

అప్పుడు ఒక్క ప్రాంతానికి రెండు వరుసలు, రెండు కాలాలు. మొదలు–ముగింపు తేదీలతో వేరే చిన్న టేబుల్ పెట్టుకోండి. ఆ పని మెజర్‌లో చేయబోతే మీకే చదవలేనంత పెద్దదవుతుంది, లోడ్ చేసేటప్పుడే సున్నా వరుసలు చేర్చేయడం సుఖం.

నీలిగుళిక

ఇక్కడి దాకా అందరూ కూడదగ్గ సంఖ్యల గురించే మాట్లాడారు. శాతాలకి ఇదే పద్ధతి వాడితే దెబ్బ తింటారు. ఒక జనవరిలో 10 ఆర్డర్లు, 1 ఆలస్యం, 10 శాతం. తర్వాతి జనవరిలో 190 ఆర్డర్లు, 57 ఆలస్యం, 30 శాతం. రెండిటి సగటు 20 శాతం అని రాస్తే, నిజానికి 200లో 58 ఆలస్యమయ్యాయి, అంటే 29. శాతాలకి నెలల సగటు తీయకండి, పైవీ కిందివీ విడివిడిగా కూడి చివర్లో ఒకసారి భాగించండి.

స్టాక్ నిల్వలాంటివైతే నెలలో రోజుల్ని కూడటమే తప్పు. నెలాఖరు నిల్వ తీసుకుని, దానికి ఏళ్ల సగటు.

చివరివరుస

ఫిబ్రవరి గురించి ఎవరూ అనలేదు. ఈ టెస్ట్ టేబుల్‌లోనే జనవరికీ ఫిబ్రవరికీ 165 ఉంది, చూడటానికి సమానం. కానీ నాలుగు జనవరులకి 124 రోజులు, నాలుగు ఫిబ్రవరులకి 113 (2024 లీపు సంవత్సరం). రోజుకి చూస్తే జనవరి 5.32, ఫిబ్రవరి 5.84. ఏ నెలలో ఎంతమంది సిబ్బంది కావాలో తేల్చడానికి వాడే రిపోర్ట్ అయితే రోజు లెక్కన చూపించడమే న్యాయం.

గ్రూప్‌బై

నిజమే. అయితే వారాంతాలు పని లేనిచోట పనిదినాలతో భాగించాలి, అది ఏడాది ఏడాదికీ మారుతుంది.

నన్ను అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటి. ఆ జనవరులు చూడండి, 120, 150, 180, 210, ఏటా 30 పెరుగుతున్నాయి. సగటు 165. వచ్చే జనవరికి ఎవరైనా 165 అనుకుని ఏర్పాట్లు చేస్తే? గడిచిన రెండు జనవరులూ దానికంటే ఎక్కువే. పెరిగే అంకెకి పాత ఏళ్ల సగటు ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఏళ్లు ఎంత ఎక్కువ కలిపితే అంత వెనక్కి లాగుతుంది, అయినా చాలామంది ఎక్కువ ఏళ్లంటే ఎక్కువ కచ్చితం అనుకుంటారు.

పట్టిక_పని గారూ, వాళ్లకి కావలసింది నిజంగా సగటేనా, లేక ఏ నెల బరువెక్కువ, ఏ నెల తక్కువ అన్నదా? రెండోదైతే ప్రతి ఏడాదిలో ఆ నెలని ఆ ఏడాది నెల సగటుతో భాగించి, ఆ నిష్పత్తులకి ఏళ్ల సగటు తీయండి. 2022లో నెల సగటు 180, జనవరి 120, అంటే 0.67. 2023లో 150 భాగించు 210, 0.71. 2024లో 180 భాగించు 240, 0.75. మూడిటి సగటు 0.71. మామూలు నెలలో జరిగే పనిలో 71 శాతం జనవరిలో జరుగుతుందని చెప్పొచ్చు, పెరుగుదల దీన్ని పెద్దగా చెడగొట్టదు. పూర్తయిన ఏళ్లే వాడాలి, 2025 ఇందులోకి రాదు.

లెక్కలపంతులు

ఇది మంచి సలహా. 2020 కూడా డేటాలో ఉన్నవాళ్లు సగటు పక్కన మీడియన్ (వరుసలో పేరిస్తే మధ్యలో వచ్చే విలువ) ఒకటి పెట్టి చూడండి. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్, మే నెలలు చాలా వ్యాపారాల్లో ఏ ఇతర ఏడాదితోనూ పోల్చదగ్గవి కావు, నాలుగైదు ఏళ్ల సగటుని ఆ ఒక్కటే లాగేస్తుంది.

పట్టిక_పని

అడిగాను. వాళ్లకి కావలసింది గ్రూప్‌బై గారు చెప్పిన రెండోదే, ఏ నెల బరువు ఎంత అని. అందుకని ముందు సులువుగా, నెల సగటుని మొత్తం సగటుతో భాగిద్దామని కింద రిమూవ్‌ఫిల్టర్స్ ( క్యాలెండర్[నెలపేరు] ) పెట్టాను. పన్నెండు వరుసల్లోనూ 100 శాతం వస్తోంది. ఫిల్టర్ తీసేయమన్నాక కూడా 165 ని 165 తోనే భాగిస్తోంది.

లెక్కలపంతులు

నెలలు ఏప్రిల్, ఆగస్టు అంటూ అక్షర క్రమంలో రాకుండా నెల పేరుని నెల సంఖ్యతో సార్ట్ చేసి ఉంటారు కదా? అలా చేసినప్పుడు విజువల్ పంపే క్వెరీలో నెల పేరుతోపాటు నెల సంఖ్య కూడా గ్రూపింగ్‌లో ఉంటుంది. మీరు పేరు మీది ఫిల్టర్ తీశారు, సంఖ్య మీది ఇంకా ఉంది. రిమూవ్‌ఫిల్టర్స్‌లో రెండు కాలమ్‌లూ రాయండి. ఏడాదినెల కాలమ్‌ని కూడా ఎక్కడైనా విజువల్‌లో పెట్టి ఉంటే అదీ చేర్చాలి.

పట్టిక_పని

వచ్చింది! జనవరి 78.6, మే 114.3. కానీ గ్రూప్‌బై గారి లెక్కలో జనవరి 71 కదా?

గ్రూప్‌బై

మీ 165 లో 2025 జనవరి ఉంది, అది 210. ఆ ఏడాది మే నుంచి డిసెంబర్ ఇంకా రాలేదు. పెరిగిన ఏడాది మొదటి నాలుగు నెలలకి మాత్రమే కలవడంతో వాటి బరువు ఎక్కువ కనిపిస్తోంది. 2022–2024 కి పరిమితం చేయండి, జనవరి సగటు 150, మొత్తం సగటు 210, అంటే 71.4. మే 240 కి 210, అది 114.3 దగ్గరే ఉంటుంది. ఏడాది ఏడాదికీ నిష్పత్తి తీసే పద్ధతిలో 71.0 వస్తుంది, ఆ చిన్న తేడా పెద్ద ఏడాదికి ఎక్కువ బరువు పడటం వల్ల.

పట్టిక_పని

క్యాలెండర్‌లో "పూర్తి ఏడాది" అని ఇంకో కాలమ్ చేర్చాను, బరువుల మెజర్ దాని మీద, సగటు మెజర్ "ముగిసింది" కాలమ్ మీద. మే మళ్లీ 240 అయింది. టోటల్ వరుస తీసేశాను, రెండు శీర్షికల్లోనూ ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది రాశాను. ప్రాంతాల తేదీల టేబుల్ మాకూ లేదు, అది ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుంటున్నాను. దొరికాక సున్నాల గురించి మళ్లీ ఇక్కడే అడుగుతాను.